కలెక్టరుకు ఒక ‘ఏట్’ ఎక్కువ

మా ఊళ్లో ఆడపిల్లకు ఐదో తరగతిలో ఫస్ట్ ర్యాంకు వస్తే పేరు మారిపోతుంది. నాకూ మారింది. టీవీలో ‘కర్తవ్యం’ సినిమా చూసి, విజయశాంతిలా పోలీసునవుతానన్నాను. మా బాపు ఒప్పుకోలేదు. “పోలీసోళ్లు సెల్యూట్ కొట్టాలె బిడ్డా, కలెక్టరైతే కొట్టించుకునుడే” అన్నాడు. ఆ లెక్క నాకు నచ్చింది. అప్పటినుంచి బడిలో, బావి కాడ, పెళ్లి పందిళ్లలో నేను కలెక్టరమ్మనే.

ఇప్పుడు నాకు 36 ఏళ్లు. ఇచ్చిన మాట తప్పలేదు. రోజూ పదిన్నరకల్లా జిల్లా కలెక్టరేట్‌లో ఉంటాను. జూనియర్ అసిస్టెంట్‌ని.

మధ్యలో ఏం జరిగిందంటే కోచింగ్ సెంటర్ల హైదరాబాద్ అశోక్‌నగర్ జరిగింది. ఒక గది, నలుగురం అమ్మాయిలం, గోడకు భారతదేశ పటం, దాని కింద కుక్కర్. సివిల్స్‌లో మెయిన్స్‌కు 1750, ఇంటర్వ్యూకు 275, మొత్తం 2025 మార్కులు. జనరల్ వాళ్లకు ఆరు ఛాన్సులు, వయసు 32 దాటొద్దు. నేను మూడు ఛాన్సులు వాడుకున్నాను. ఒకసారి ప్రిలిమ్స్ గట్టెక్కేసరికి ఊళ్లో ఇద్దరు అప్పుడే తుపాకీ లైసెన్సు ఇప్పించమని అడిగారు. మిగిలిన మూడు ఛాన్సులనూ పెళ్లి, పాప, పాప దగ్గు వరసగా పంచుకున్నాయి.

మన దేశంలో తొలి మహిళా ఐఏఎస్ అన్నా రాజం మల్హోత్రా 1951లో చేరినప్పుడు, పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుందని నియామక పత్రంలోనే రాశారట. ఆ నిబంధన తర్వాత పోయింది. కోచింగ్ రోజుల్లో అది చదివి మండిపడ్డాను. ఇప్పుడు మాత్రం, పాపం వాళ్లు ముందే రాసిచ్చారు కదా అనిపిస్తుంది. మా శుభలేఖలో సుముహూర్తం, విందు తప్ప ఏమీ రాయలేదు. మా ఆయన మంచివాడే. “నువ్వు చదువుకో, పాపను నేను చూసుకుంటా” అనేవాడు. అనేసి పడుకునేవాడు.

కేంద్రం 32 దగ్గర తలుపేసింది గానీ రాష్ట్రం 44 దాకా తెరిచే ఉంచింది. 2023 జులై 1న గ్రూప్-4 రాశాను. 300 మార్కులు, ఇంటర్వ్యూ లేదు. ఉద్యోగం వచ్చింది. అందరికంటే ఇబ్బంది మా అమ్మకే. పాతికేళ్లుగా చెప్పుకున్న మాటను ఎలా మార్చడం? మార్చలేదు. “మా బిడ్డ కలెక్టర్...” అంటుంది గట్టిగా. వింటున్నవాళ్ల కళ్లు పెద్దవయ్యాక, “...ఏట్ల చేస్తది” అంటుంది మెల్లగా.

మహిళా దినోత్సవం నాడు వాట్సాప్‌లో కొందరు ఓదారుస్తారు: ఇల్లే జిల్లా, ఇల్లాలే కలెక్టర్ అని. నేను ఒప్పుకోను. కలెక్టర్‌కు బదిలీ ఉంటుంది.

మా కలెక్టర్ మేడమ్ నాకంటే ఏడేళ్లు చిన్న. మొదటిసారి ఫైలు పట్టుకెళ్లినప్పుడు కుళ్లుకున్నానా అంటే, కుళ్లుకున్నాను. ఆమె మధ్యాహ్నం నాలుగింటికి చల్లారిన టిఫిన్ బాక్సు తెరవడం చూశాక సగం తగ్గింది. మిగతా సగం ఉంచుకున్నాను.

సోమవారం ప్రజావాణిలో అర్జీలకు నంబర్లు వేసేది నేనే. ఒక సోమవారం ఒక అవ్వ నా బల్ల పట్టుకుని, “నువ్వేనా బిడ్డా కలెక్టరమ్మవు?” అంది. అటెండర్ నవ్వాడు. “కాదవ్వా, మేడమ్ లోపలున్నరు” అన్నాను. అవ్వ నోట్లో పన్ను లేదు, ఆధార్‌లో వయసు 54. వృద్ధాప్య పింఛనుకు 57 నిండాలి. వయసు ఎక్కువై నా పని ఆగింది, తక్కువై అవ్వ పని ఆగింది. అర్జీతో పాటు ఒక నోట్ రాశాను. ఉపోద్ఘాతం, సమస్య, పరిష్కార మార్గం, ముగింపు. అచ్చంగా మెయిన్స్ జవాబే. మేడమ్ రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

కొన్ని నెలలకు అవ్వకు పింఛను మొదలైంది. మళ్లీ సోమవారం అవ్వ వచ్చింది. లోపలికి పోలేదు, నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చింది. “కలెక్టరమ్మా, మా కోడలు రేషన్ కార్డు సంగతి జర చూడు” అంది.

ఈసారి నేను సరిదిద్దలేదు. నంబరు వేశాను.