“పడుతోందిగా, ఏం కాదులే”

కోటప్పకొండ ఘాట్ రోడ్డు దిగుతున్నాం. వెనక మా ఆవిడ కూర్చుంది. పైనుంచీ ముందు డిస్క్ బ్రేకు మీద వేళ్లు తీయకుండా వస్తున్నాను. కింది మలుపుల దగ్గరికొచ్చేసరికి లీవరు మెత్తగా లోపలికి పోయి హ్యాండిల్‌కి తగిలింది. బండి మాత్రం ఆగలేదు. వెనకది డ్రమ్ము బ్రేకు కాబట్టి అదొక్కటే ఆదుకుంది. గేర్లు తగ్గించుకుంటూ కొండవైపు అంచుకి చేర్చి ఆపాను. అరగంట చెట్టు కింద కూర్చుని మళ్లీ నొక్కితే లీవరు మామూలుగానే ఉంది.

మా ఊరు తాడేపల్లి వచ్చాక ముగ్గురికి బండి చూపించాను. ముగ్గురూ నొక్కి చూసి ఒకే మాట అన్నారు: “బాగానే పడుతోందిగా అన్నా, ఏం కాదులే.” వాళ్లు నా మంచి కోరినవాళ్లే. కానీ డిస్క్ బ్రేకు గురించి మన దగ్గర తిరిగే తప్పు సలహాలన్నిటికీ తల్లి ఆ మాటే. చల్లగా ఉన్నప్పుడు పడుతుంది, కొట్టు ముందు పడుతుంది, పదిసార్లు నొక్కి చూస్తే పదిసార్లూ పడుతుంది. కొండ దిగేటప్పుడు పడదు.

ఆ రోజు జరిగింది ఇది. మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచేది నిజానికి నూనె కాదు. మన బండ్లలో వాడే డాట్ 3, డాట్ 4 రెండూ గ్లైకాల్ జాతి ద్రవాలు, గాలిలోని తేమను పీల్చుకుంటాయి. మూత బిగించే ఉన్నా రబ్బరు గొట్టం గుండా, సీళ్ల గుండా తేమ కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది. పక్కనే కృష్ణా నది ఉన్న మా ఊళ్లో గాలికి తేమ కొదవ లేదు. కొత్త డాట్ 4 ద్రవం 230 డిగ్రీల లోపు మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీళ్లు చేరాక మాత్రం 155 డిగ్రీలు తట్టుకుంటే చాలంటుంది అదే ప్రమాణం. డాట్ 3 అయితే ఈ లెక్క 205 నుంచి 140కి దిగుతుంది. ఘాట్‌లో ఆపకుండా నొక్కితే ప్యాడ్ల వేడి వాటిని పట్టి ఉంచే కాలిపర్‌లోకి దిగి పాత ద్రవం మరిగి ఆవిరి బుడగలు లేస్తాయి. ద్రవం అణగదు, ఆవిరి అణుగుతుంది. చేతి బలమంతా బుడగల్ని నొక్కడానికే సరిపోయి పిస్టను దాకా వెళ్లదు. చల్లారితే బుడగ మళ్లీ నీరైపోతుంది కాబట్టి సాక్ష్యం కూడా మిగలదు. నా బండిలో ఆయిల్ కొన్న రోజు పోసిందే, ఆరేళ్ల నాటిది.

చాలా కంపెనీల మాన్యువళ్లు రెండేళ్లకోసారి మార్చమంటాయి. “అది సర్వీసు వాళ్లు డబ్బులు గుంజడానికి రాసింది” అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఒక చిన్న సీసా ద్రవం, ఒక గంట పని. ఇందులో గుంజేదేముంది?

“దిగేటప్పుడు ఇంజను ఆపేయ్, పెట్రోలు కలిసొస్తుంది” అన్నది ఇంకో ప్రాణాంతకమైన సలహా. ఇంజను ఆపి న్యూట్రల్‌లో వదిలితే బండి బరువంతా బ్రేకు మీదే పడుతుంది. రెండో గేరులో దిగండి. బ్రేకు నొక్కి వేగం తగ్గించండి, వదిలి చల్లారనివ్వండి, మళ్లీ నొక్కండి.

“ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావ్.” మా నాన్న నాకు బండి నేర్పుతూ చెప్పిన మొదటి మాట ఇదే. పొలాల మీదుగా వచ్చే దారుల్లో ట్రాక్టర్లు విదిల్చిన నల్లరేగడి బురద ఉంటుంది. దాని మీద ముందు చక్రం జారి పడినవాళ్లని చూసి ఆయన అలా చెప్పాడు. బురదలో ఆ జాగ్రత్త సరైనదే. తారు రోడ్డు మీద అదే జాగ్రత్త మనిషిని చంపుతుంది. బస్సు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకి తూలుతారు కదా, బండి బరువూ అలాగే ముందు చక్రం మీదికి వస్తుంది. పొడి రోడ్డు మీద ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే ఆ చక్రం బిగుసుకుని ఈడ్చుకుపోతుంది, బండి అడ్డం తిరుగుతుంది. పదహారో నంబరు హైవే మీద కృష్ణా వారధి వైపు వెళ్తుంటే లారీ ఉన్నట్టుండి ఆగిందనుకోండి, మిమ్మల్ని ఆపాల్సింది ముందు బ్రేకే. ఒక్కసారిగా లాగకండి, పిండుతున్నట్టు నొక్కుతూ బిగించండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండికి చక్రం బిగుసుకోనివ్వని ఏబీఎస్, అంతకు లోపు వాటికి రెండు చక్రాలూ కలిసి పట్టే కాంబీ బ్రేకు గానీ ఏబీఎస్ గానీ తప్పనిసరి చేయడానికి కారణం కూడా ఈ భయం వల్ల, ఈ జారడం వల్ల పోయే ప్రాణాలే.

వాడని ముందు బ్రేకుకి ఇంకో జబ్బు వస్తుంది. రేగడి మన్ను, మిరప కళ్లాల దుమ్ము పేరుకుని కాలిపర్ పిన్నులు, పిస్టను బిగుసుకుపోతాయి. ఏళ్ల తరబడి ముట్టని బ్రేకుని అవసరానికి నొక్కితే పట్టదు, పడితే వదలదు.

ఆయిల్ డబ్బాలో లెవెల్ తగ్గిందా, “పోసెయ్, అయిపోతుంది” అంటారు. ముందు ఎందుకు తగ్గిందో చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికొస్తాయి, ఆ ఖాళీలోకి ద్రవం దిగుతుంది. అంటే లెవెల్ తగ్గడం ప్యాడ్ల కబురు. అది పట్టించుకోకుండా నిండా పోస్తే, కొత్త ప్యాడ్లు వేసేందుకు పిస్టన్లు వెనక్కి నెట్టినప్పుడు ద్రవం పైకి పొంగి ట్యాంకు మీద పడి పెయింటు తినేస్తుంది. ప్యాడ్లు బాగున్నా లెవెల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఆ బండి ఎక్కకండి.

ఏమి పోస్తారన్నది ఇంకా పెద్ద బాధ. “ఆయిల్ ఆయిలే కదా” అని ఇంజనాయిల్ పోసిన బండిని నేను చూశాను. లోపలి రబ్బరు సీళ్లకి ఖనిజ నూనె విషం. అవి ఉబ్బి, మెత్తబడి, బ్రేకు పట్టి వదలకుండా తయారవుతుంది. అప్పుడు సీళ్లన్నీ, గొట్టం కూడా మార్చాల్సిందే. డబ్బా మూత మీద ఏ డాట్ అని రాసి ఉందో అదే పోయాలి. డాట్ 5 సిలికాన్‌ది, డాట్ 3, 4లతో కలవదు. డాట్ 5.1 మాత్రం గ్లైకాల్ జాతిదే. పేర్లు దగ్గరగా ఉన్నాయని మోసపోవద్దు. సీటు కింద ఏడాదిగా మూత తీసి ఉన్న సగం సీసా కూడా పనికిరాదు.

మునిగిన బండ్ల సంగతి ఇంకోటి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అవతల బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది. వేల బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అందరూ ఇంజనాయిల్ మార్చుకున్నారు, ప్లగ్గు తుడుచుకున్నారు, బండి స్టార్టయితే దండం పెట్టుకున్నారు. బ్రేకు ద్రవం మార్చినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. మా చుట్టాల బండి డబ్బా మూత తీస్తే లోపల ద్రవం టీ రంగుకి తిరిగి ఉంది. మునిగిన బండి మీ ఇంట్లో ఉండి ఇంకా మార్చకపోతే, ఈ ఆదివారమే ఆ పని పెట్టుకోండి.

డిస్కు కీచుమంటే చుక్క నూనె వేయమని, డీజిల్‌తో కడగమని చెప్పేవాళ్ల మాట అసలు వినకండి. ప్యాడు నూనె పీల్చిందంటే దాన్ని పారేయడమే.

ఇక ద్రవం మార్చడం, గాలి తీయడం. “లీవరు లాగి రాత్రంతా రబ్బరు కట్టి ఉంచు, గాలి అదే పోతుంది” అంటారు. పై భాగంలో చిక్కిన చిన్న బుడగ దానికి తేలి రావచ్చేమో గానీ, పాత ద్రవం అలాగే ఉంటుంది. చేయాల్సిన పని ఇది. హ్యాండిల్ తిప్పి డబ్బా సమంగా ఉండేట్టు పెట్టండి. ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి. కాలిపర్ మీద గాలి తీసే నిపుల్‌కి, చాలా బండ్లకి ఎనిమిదో నంబరు, ముందు రింగ్ స్పానరు తొడిగి, తర్వాత సెలైన్ పైపు లాంటి పారదర్శకమైన గొట్టం ఎక్కించండి. గొట్టం రెండో కొస కొంచెం ద్రవం ఉన్న సీసాలో మునగాలి. ఒకరు లీవరు నెమ్మదిగా నొక్కి పట్టుకోవాలి. రెండోవాళ్లు నిపుల్ పావు చుట్టు వదులు చేసి, లీవరు హ్యాండిల్‌కి తగలగానే బిగించాలి. బిగించాకే లీవరు వదలాలి. ఈ వరస తప్పితే బయటి గాలి లోపలికి పోతుంది. ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుంటే “పట్టుకో”, “వదులు” అనే రెండు మాటలు ముందే అనుకోండి. డబ్బాలో ద్రవం అడుక్కి దిగనివ్వద్దు, దిగితే మొదటికొస్తుంది. బుడగలు ఆగి, లేత రంగు ద్రవం వచ్చేదాకా సాగాలి. నిపుల్‌ని బలం కొద్దీ బిగించకండి, విరిగితే కాలిపరే పోతుంది. ఏబీఎస్ ఉన్న బండిలో దాని పెట్టెలోకి గాలి చేరితే మాత్రం చేత్తో రాదు, కంపెనీ మిషను ఉన్న చోటికే తీసుకెళ్లాలి. తీసిన పాత ద్రవాన్ని కాలవలో పారబోయకండి, ఆ నీళ్లు పొలాలకి పోతాయి.

అంతా అయ్యాక మొదటిసారి కదిలేముందు, ప్యాడ్లు మార్చినా సరే, బండి స్టాండు మీద ఉండగానే లీవరు గట్టిపడేదాకా నొక్కుతూ ఉండండి. కొత్త ప్యాడ్ల కోసం వెనక్కి నెట్టిన పిస్టన్లు ఇంకా ప్యాడ్లని తాకి ఉండవు, మొదటి నొక్కుడికి ఏమీ పట్టదు. ఆ మొదటి నొక్కుడు ఇంటి ముందే అయిపోనివ్వండి.