డెక్కు పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ రెండు నియమాలు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ. ఈ టీకాకారుడికి ఆ రెండూ పొసగవు. ఇక్కడ మూలం నాలుగు పాదాలే, అక్కర్లేనిది అపారం.

పద్యవిషయం హార్త్‌స్టోన్ అనే ఆట. బ్లిజార్డ్ సంస్థ 2014 మార్చిలో విడుదల చేసింది. ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ ఇద్దరు తలపడతారు. చెరొక వీరుడు, వీరుడికి 30 హెల్త్. ఎదుటివాడి 30ని ముందుగా సున్నా చేసినవాడు నెగ్గినట్టు. పేకాటలో కట్ట అందరికీ ఒకటే కాబట్టి ఓడినవాడు ముక్కలు పంచినవాణ్ణి తిట్టుకుని నిద్రపోవచ్చు. ఇందులో ఎవరి కట్ట వాళ్లే ఇంటి దగ్గర కట్టుకుని రావాలి, సద్దిమూటలాగా. ఉప్పు తక్కువైతే ఎవరిని అంటాం?

పద్యకర్త ఎవరని అడగవచ్చు. వరసగా ఏడు ఆటలు ఓడిన రాత్రి ఈ టీకాకారుడే. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే కదా, కవిహృదయం మీద తగువులుండవనుకున్నాం. ఉన్నాయి.

మూలం

ముప్పదైన చాలు ముక్కలు కట్టకు
మించ నొకటి నావ మెల్ల మునుగు
మనసు పడ్డ ముక్క మాటాడకే తీయు
వాడె గెలుచు సగముపైన కొంత

ప్రతిపదార్థం

కట్టకు = డెక్కుకు; ముక్కలు = కార్డులు; ముప్పది + ఐన = ముప్పై మాత్రమే అయినా; చాలు = సరిపోతాయి (చాలవని ప్రతివాడికీ అనిపిస్తుంది, అది వేరే సంగతి); ఒకటి = ఒక్కటంటే ఒక్కటి; మించన్ = ఎక్కువైతే; నావ = ఆటగాడెక్కిన పడవ; మెల్ల = తెలియకుండా, నెమ్మదిగా; మునుగు = మునుగుతుంది; మనసు పడ్డ ముక్క = తాను మురిసి, ఖర్చుపెట్టి, నలుగురికీ చూపించుకున్న కార్డు; మాటాడకే = దానితో గానీ తనతో గానీ వాదన పెట్టుకోకుండానే; తీయువాడె = తీసెయ్యగలిగినవాడే; సగముపైన కొంత = నూటికి యాభై, ఆ పైన చిటికెడు; గెలుచు = గెలుస్తాడు.

తాత్పర్యం

డెక్కు కట్టడమంటే మంచి కార్డులు చేర్చడం కాదు, మంచివే అయినా పొసగని కార్డుల్ని తీసెయ్యడం. అంత కష్టపడి తీసినవాడు కూడా సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే గెలుస్తాడని భావం.

విశేషాలు

1. ముప్పది. ఈ సంఖ్య కవి కల్పన కాదు, ఆట నియమం. ఒకే కార్డు రెండుకు మించి పెట్టకూడదు. లెజెండరీ అనే అరుదైన కార్డయితే ఒక్కటే. మొదటి వంతులో ఖర్చుకు 1 మానా ఇస్తారు, రెండో వంతులో 2. అలా పెరిగి 10 దగ్గర ఆగుతుంది. అందుకని చవక కార్డులు ఎన్ని, ఖరీదైనవి ఎన్ని అన్న లెక్క కుదరాలి. దీన్నే మానా కర్వ్ అంటారు. మొదటి వంతుకే చేతినిండా పది మానా కార్డులు పట్టుకున్నవాడు విస్తళ్లు వెయ్యకుండా బూరెల బుట్టతో పంక్తిలో నిలబడ్డవాడి లాంటివాడు. బూరెల్లో లోపమేమీ లేదు.

ఈ ఎరుక హార్త్‌స్టోన్‌తో పుట్టింది కాదు. గణితశాస్త్రజ్ఞుడు రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన మ్యాజిక్ అనే కార్డుల ఆట 1993లో వచ్చింది. 1996లో జే ష్నైడర్ ఆలోచనతో పాల్ స్లై అనే ఆటగాడు ఒక డెక్కు ఆడాడు. ఒక్కొక్కటిగా చూస్తే అందులో చాలా ముక్కలు చూసేవాళ్లకు నవ్వు తెప్పించేవి. కానీ ఏ వంతుకు ఆ వంతు మానా వృథా పోకుండా దిగేవి. నవ్వినవాళ్లు ఓడారు. కర్వ్ సిద్ధాంతానికి ఆదికావ్యం అదేనని సంప్రదాయజ్ఞుల మాట.

ఒకే కార్డును జంటగా పెట్టడం ఎందుకు? లెక్క చూడండి. మొదట ఆడేవాడికి 3 ముక్కలొస్తాయి. ఒక్కటే ఉన్న కార్డు ఆ మూడింటిలో ఉండే అవకాశం నూటికి 10. జంటగా పెడితే రెంటిలో ఒకటైనా కనబడే అవకాశం 19. మలిగన్‌లో మూడూ వెనక్కిచ్చి కొత్తవి తీసుకుంటే 37కు చేరుతుంది. ఏ కార్డు తప్పక చేతికి రావాలో తేల్చుకున్నవాడు దాన్ని జంటగా పెడతాడు. తేల్చుకోలేనివాడు అన్నీ ఒక్కొక్కటి పెట్టి, దానికి వైవిధ్యమని పేరు పెడతాడు.

2. మించ నొకటి. ఇక్కడ మా మేనల్లుడి శంక. ఈ ఆట మాకు నేర్పినవాడు వాడే కాబట్టి వాడికి శంకించే హక్కుంది.

శంక: “మామయ్యా, 31వ ముక్క పెడితే ఆటే ఒప్పుకోదు గదా! జరగనిదానికి పద్యమెందుకు?”

సమాధానం: ముందు వాచ్యార్థం. మ్యాజిక్‌లో కనీసం 60 ముక్కలుండాలన్నారు గానీ, పైకి హద్దు పెట్టలేదు. అయినా తెలిసినవాళ్లు 60 దగ్గరే ఆగుతారు. ఎందుకంటే, మన ఆట లెక్కనే చూస్తే, ఏడో వంతుకు మన చేతికి మొత్తం 10 ముక్కలొస్తాయనుకుందాం. 30లో ఒకటైన ప్రాణం లాంటి ముక్క అప్పటికి వచ్చే అవకాశం నూటికి 33. 31లో ఒకటైతే 32. తేడా ఒక్క పాలు. అందుకే కవి “గబాల్న మునుగు” అనక “మెల్ల మునుగు” అన్నాడు. ఈ చిల్లు కంటికి కనబడదు. వంద ఆటల తర్వాత కాళ్లు తడుస్తాయి.

ఇక వ్యంగ్యార్థం. ఒకటి అంటే ఒక ముక్క కాదు, ఒక ఆశ. ఆరో వంతులోపు దూకి చంపేసే చవక సైన్యాన్ని పేర్చుకుంటే దాన్ని అగ్రో అంటారు. ఓపికగా దెబ్బలు కాచుకుని, చివర్లో పెద్ద ముక్కలతో తేల్చేదాన్ని కంట్రోల్ అంటారు. రెండూ ధర్మాలే. అగ్రో కట్టినవాడు “ఒకవేళ ఆట సాగితేనో” అని పది మానా రాక్షసుడొకణ్ణి అడుగున దాచుకుంటాడే, ఆ “ఒకవేళ” ఉంది చూశారూ, అదే ముప్పయ్యొకటో ముక్క. లెక్కకు ముప్పైలోనే ఉంటుంది, బరువుకు మించి ఉంటుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడి సామెత మనకుంది. ఆ సామెతలోని పడవల్లో ఒకటి ఈ పద్యంలోకి వచ్చింది.

మరో శంక: “మరి 2022లో ప్రిన్స్ రెనథల్ వచ్చాడు. ఆ కార్డు పెట్టుకుంటే డెక్కు 40 ముక్కలు. జనమంతా ఎగబడి ఆడారు. నీ నావ మునగలేదే?”

సమాధానం: వాడు ఊరికే రాలేదు. ముక్కలు 40 చేసినందుకు వీరుడి హెల్త్ కూడా 30 నుంచి 40కి పెంచాడు. పది ముక్కలు మోయించినందుకు పది హెల్త్ కూలి. ఆ కూలి మరీ ఎక్కువైందని తయారీదారులే దాన్ని తర్వాత 35కు తగ్గించారు. మించడం బరువేనని చేసినవాళ్లే ఒప్పుకున్నాక ఇక వాదమెక్కడిది?

ఇదే చోట మేనల్లుడు ఒక పాఠాంతరం ప్రతిపాదించాడు. “మించ నొకటి యోడ మెల్ల మునుగు.” గణం చెడదు. ఓడ అంటే నావ అనీ, ఓడిపోవడమనీ రెండర్థాలు కలిసొస్తాయి. శ్లేష అందంగా ఉందని ఒప్పుకుంటూనే తిరస్కరిస్తున్నాం. ఆ మాట మా పద్యంలో ఉండడం శుభం కాదు.

3. మనసు పడ్డ ముక్క. “పడ్డ” అన్నది వ్యావహారికమనీ, “పడిన” అని దిద్దుకోవాలనీ వైయాకరణులంటారు. “పడిన” పెట్టినా గణం కుదురుతుంది. అయినా “పడ్డ” అనే ఉంచాం. మనసు పడినవాడు లేచి రాగలడు, పడ్డవాడు పడ్డట్టే. పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడు గనుక మా మీద జాలి చూపవచ్చు.

ఈ పాటుకు వెల ఉంది. లెజెండరీ కార్డు చేయించుకోవడానికి ఆటలో కూడబెట్టిన డస్ట్ అనే పొడి 1600 పోయాలి. వద్దనుకుని కరిగిస్తే 400 చేతికొస్తుంది. ఏ కంసాలీ ఇంత తరుగు తియ్యడు. నాలుగింట మూడొంతులు గాలిలో కలుస్తుందని తెలిశాక ఆ కార్డు మీద ప్రేమ రెట్టింపవుతుంది. దాన్ని డెక్కులో పెట్టకపోతే పోసిన డస్టంతా దండగ అనిపిస్తుంది. పెట్టి ఓడితే దండగ అనిపించదు. మనిషి లెక్కలు అలా ఉంటాయి.

మేము మనసు పడ్డది లీరాయ్ జెంకిన్స్ మీద. 2005లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్ల వీడియో ఒకటి లోకమంతా తిరిగింది. తోటివాళ్లు జాగ్రత్తగా పథకం వేసుకుంటుంటే ఒకడు తన పేరు తానే అరుచుకుంటూ శత్రువుల మధ్యకు దూకి అందరినీ చంపించాడు. వాడే ఈ కార్డు. దాడి 6, హెల్త్ 2. దిగిన వంతులోనే కొడతాడు. పోతూ పోతూ కాదు, వస్తూ వస్తూనే ఎదుటివాడికి రెండు డ్రాగన్ పిల్లల్ని కానుకిస్తాడు. మొదట్లో 4 మానా. 2014లోనే 5 చేశారు. అగ్రో డెక్కులో ఆఖరి దెబ్బకు వీడికి సాటి లేదు.

మాది కంట్రోల్ డెక్కు.

4. మాటాడకే. తీయబోతే ముక్క మాట్లాడుతుంది. “ఆ రోజు నిన్ను గెలిపించింది నేను కానా?” అంటుంది. నిజమే, ఆ రోజు గెలిపించింది. తక్కిన పన్నెండు రోజులు చేతిలో మూలన కూర్చుని కిటికీలోంచి చూసింది. ఆ పన్నెండూ గుర్తుండవు, అందుకే కవి మాటలు వద్దన్నాడు. ఒక్క ప్రశ్న చాలు. ఈ ముక్క చేతికి వచ్చినప్పుడు అమ్మయ్య అనుకున్నామా, అయ్యో అనుకున్నామా?

తీసినచోట ఏం పెట్టాలన్నది ఎదుటివాళ్లను బట్టి. ఆ రోజుల్లో ఎక్కువమంది ఏ డెక్కులు ఆడుతున్నారో దాన్ని మెటా అంటారు. అసిడిక్ స్వాంప్ ఊజ్ అని ఒక ముద్ద ఉంది. 2 మానా, దాడి 3, హెల్త్ 2. ఎదుటి వీరుడి చేతిలో ఆయుధాన్ని కరిగించేస్తుంది. ఆయుధాలవాళ్లు ఎక్కువగా తగిలే కాలంలో అది వజ్రాయుధం. లేని కాలంలో అది మామూలు ముద్ద. ఇలాంటివాటిని టెక్ కార్డులంటారు. వానాకాలం గొడుగు లాంటివి.

గెలిచినవాడి డెక్కు కోడ్ కాపీ చేసుకుంటే ఈ బాధంతా ఎందుకని మేనల్లుడు అడిగాడు. తప్పులేదు. తాటాకులు చూసి ఎత్తి రాసుకున్నవాళ్ల వల్లనే కావ్యాలు మనదాకా వచ్చాయి. కానీ ఎత్తి రాసినవాడికి ఏ అక్షరం ఎందుకుందో తెలియాలన్న నియమం లేదు. ఊజ్ ఎందుకుందో తెలియనివాడు వానలు వెలిశాక కూడా గొడుగు పట్టుకునే తిరుగుతాడు.

5. సగముపైన కొంత. పద్యంలో కఠోరమైన సత్యం ఇదే. పైన అతిశయోక్తికి బోలెడంత చోటుండి కూడా కవి వాడుకోలేదు. ఆటలోని ర్యాంకుల్లో డైమండ్ 5 నుంచి అన్నిటికన్నా పైదైన లెజెండ్‌కు 15 నక్షత్రాల దూరం. గెలిస్తే ఒకటి వస్తుంది, ఓడితే ఒకటి పోతుంది. నూటికి 60 గెలిచేవాడికి సుమారు 75 ఆటలు పడుతుంది. 55 గెలిచేవాడికి 150. 52 గెలిచేవాడికి 375. ముగ్గురూ ఓడుతూనే ఉంటారు. ఒక ముక్క తీసి ఒక ముక్క పెట్టడం వల్ల ఒరిగేది నూటికి ఒకటో రెండో. ఆ ఒకటీ రెండే కొన్ని వందల ఆటలు.

6. ఛందోలంకారాలు. ఆటను గురించినది కాబట్టి ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. అంటే చవక గణాలు ముందు, ఖరీదైనవి చివర. పద్యానికీ కర్వ్ ఉంది. నాలుగో పాదంలో “వాడె”కు “పైన”తో యతి. వకార పకారాలకు మైత్రి ఉంది, గెలుపుకు సగంతోనే మైత్రి. అలంకారం స్వభావోక్తి.

రహస్యం ఒకటి చెప్పాలి. మూడో పాదంలో కవి మొదట “మమకారం” అన్న మాట పెట్టుకుని చాలాసేపు మురిశాడు. ఎటు తిప్పినా గణం కుదరలేదు. మాటాడకే తీసేశాడు. మాటల దగ్గర కవి తన పద్యాన్ని తానే పాటించాడు. ముక్కల దగ్గర మాత్రం ఈ టీకాకారుడికీ కవికీ పొత్తు కుదరలేదు.

గద్య

ఇది వైల్డ్ పద్ధతిలో, ఏ ముక్కా పదవీవిరమణ చేయని లోకంలో, చిరకాలం గోల్డ్ ర్యాంకులోనే నివసించే టీకాకారుని చేత, మేనల్లుడి శంకల సహాయంతో విరచితమైన డెక్కు పద్య వ్యాఖ్య సమాప్తం.

వ్యాఖ్య ముగించిన రాత్రి ధర్మబద్ధులమై లీరాయ్‌ని తీసి ఊజ్‌ని పెట్టాం. మూడు ఆటలాడాం. రెండు గెలిచాం. మూడోది ఓడిపోయినప్పుడు, ఎదుటివాడికి మిగిలిన హెల్త్ సరిగ్గా 6.

లీరాయ్‌ని తిరిగి పెట్టబోతే 31 ఒప్పుకోనంది ఆట. అప్పుడు ఊజ్‌ని తీశాం. ఒక్క మాటైనా ఆడలేదు.