మొబైల్ మాస్టారు

మన ప్రభుత్వ బడుల వ్యవస్థలో సీఆర్‌ఎంటీ అనే కొలువు ఒకటుంది. విడదీస్తే క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్. ఒకే పంతులున్న బడిలో ఆ పంతులు సెలవు పెడితే, ఆ పూట అక్కడ వాలి పిల్లల్ని పట్టుకోవాలి. వాలడం కుదరని పూట బడుల లెక్కలు పోగేసి మండలానికి చేరవేయాలి. పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు పల్లెల్లో ఇంత పొడుగు పేరుతో పిలిచే తీరిక ఎవరికుంది? 'మొబైల్ మాస్టారు' అంటే సరిపోయింది.

జపాన్‌లోనూ ఈ జాతి ఉంది. 1987లో మొదలైన జెట్ పథకం కింద పై దేశాల కుర్రకారు అక్కడికి వెళ్లి, చాలామంది రోజుకో బడి చొప్పున తిరుగుతూ ఇంగ్లిషు చెబుతారు. వాళ్ల రైళ్లు నిమిషం తప్పవట. మన మాస్టారికున్నది సొంత బండి, దాని కింద నల్లరేగడి. వాన పడ్డ మర్నాడు డొంకదారిన పోతే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి కూరుకుపోయి బండి నిలువునా ఆగిపోతుంది. దాన్ని గీకడానికి మాస్టారు సంచిలో ఎప్పుడూ ఒక పుల్ల ఉంటుంది. సుద్దముక్క మరిచిపోయినా ఆయన పుల్ల మరవడు. ఇన్ని తిప్పలు పడే మనిషి జిల్లాల్ని విడదీసిన 2022 ఏప్రిల్ 4న మాత్రం అంగుళం కదలకుండానే ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాకు వెళ్లిపోయాడు. ఆ ప్రయాణానికి పెట్రోలు ఖర్చు లేదు.

ఇక పాఠం. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు ఉండే పుస్తకాలు 2020లో వచ్చాయి. పిల్లలు తెలివైనవాళ్లు, తెలుగు పేజీ చదివేసి ఇంగ్లిషు పేజీ కూడా అయిందంటారు. అయిదో తరగతి కుర్రాణ్ణి 'వెన్స్‌డే' చదవమంటే 'వెడ్‌నెస్‌డే' దగ్గర బండిలాగే ఆగిపోతాడు. అదే నోటితో 'ఇమిడాక్లోప్రిడ్' అని గుక్క తిప్పుకోకుండా అంటాడు. అనడా మరి? 2021–22లో నల్ల తామర పురుగు మిరప పూతలో దూరి తోటల్ని ఊడ్చేశాక ఇంట్లోకి ఏ మందు డబ్బా వచ్చినా తాతకు చదివి పెట్టేది వాడే. డబ్బా మీద త్రికోణం ఎర్రగా ఉంటే అతి విషమనీ, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరసన విషం తగ్గుతుందనీ వాడు మాస్టారికే చెప్పగలడు. ఆ త్రికోణాల పాఠం ఇంగ్లిషు వాచకంలో పెడితే ఫలితాలు ఎలా ఉండేవో! వాచకాలు రాసే పెద్దలు మందుల కొట్టు గడప తొక్కినట్టు లేదు.

జనవరి దాటితే కథ ఘాటెక్కుతుంది. కల్లాల్లో మిరపకాయ ఎండుతుంటుంది, గాలి బడివైపు తిరుగుతుంది. 'గుడ్ మార్నింగ్ సార్' సగంలో తుమ్ముగా మారి వరస చివరిదాకా పాకుతుంది. సగం బల్లలు ఖాళీ, ఎందుకంటే కాయకోత బడిగంట కోసం ఆగదు. ఆ ఖాళీల్లో కోసిగి, మంత్రాలయం వైపు నుంచి అమ్మానాన్నల వెంట సుగ్గికి, అంటే కోతల వలసకు, వచ్చిన పిల్లలు కూర్చుంటారు. వాళ్ల తెలుగులో కన్నడం తొణుకుతుంది. వాళ్లడిగేది మాస్టారికి అర్థం కాదు, మాస్టారు చెప్పేది వాళ్లకు అర్థం కాదు. ఆ గదిలో ఇద్దరికీ సమానంగా కొత్తది ఇంగ్లిషొక్కటే. దాంతో పాఠం విచిత్రంగా బాగా సాగుతుంది.

2023లో సర్కారు బడుల్లోకి టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్ష దిగింది. అమెరికా గొంతు విని జవాబు చెప్పాల్సి వచ్చేది. ఆ గొంతులో అమ్మాయి టిఫిన్‌కి ఏం తిన్నదో రెండుసార్లు వినిపించి మాస్టారు అడిగితే, "కారం లేనిదేదో తిన్నది సార్" అన్నాడొకడు. మార్కు వెయ్యాలా వద్దా అని ఆయన చాలాసేపు ఆలోచించాడు.

ఇక భోజనం. జపాన్ బడుల్లో మాస్టారు పిల్లలతో కలిసి తరగతిలోనే భోంచేస్తాడు. ఇక్కడ నిబంధన ఇంకా గట్టిది: ఒక టీచరు రుచి చూశాకే పిల్లలకు వడ్డించాలి. "సార్, ఉప్పు చూడండి" అని వంట అక్క గరిటె చాపుతుంది. సాంబారు నాలిక్కి తగలగానే మాస్టారికి తెలుగు, ఇంగ్లిషు రెండూ పోతాయి, తల మాత్రం ఊపుతాడు. నోరు చల్లబడాలంటే వేరుశనగ చిక్కీయే దిక్కు. అది వారానికి మూడు రోజులే ఇస్తారు. ఆ మూడు రోజుల్లో సెలవు పెట్టే పంతుళ్లంటే ఆయనకు వల్లమాలిన అభిమానం. చిక్కీ కూడా రుచి చూడాల్సిందేనని ఆయన వాదన. ఎంత చూడాలో నిబంధనలో రాయలేదు కదా!