బిషప్పు బావ

మా బావని ఇప్పుడు ‘పాస్టరు గారూ’ అంటే పలకడు. వినపడనట్టు ఫోన్లోకి చూసుకుంటాడు. ‘బిషప్ గారూ’ అనాలి. మొన్నమొన్నటి దాకా ‘రెవరెండ్ డాక్టర్’ సరిపోయేది. దానికి ముందు ‘పాస్టర్’, ఇంకా ముందు ‘బ్రదర్’. అన్నిటికన్నా ముందు నారాకోడూరు నుంచి పొన్నూరు దాకా అప్పులవాళ్లు పిలిచే పేర్లు కొన్ని ఉండేవి, అవి ఇక్కడ రాయకూడదు. మా మేనమామ కొడుకు, ఆపైన మా అక్క మొగుడు. ఏ సందులోంచి పారిపోయినా ఎదురొచ్చే చుట్టరికం. ఇది రాసినందుకు ఆదివారం నాడు పేరెత్తకుండా నామీద ప్రసంగం చేస్తాడని తెలుసు. రాయకపోయినా చేస్తూనే ఉన్నాడు.

పిలుపు వచ్చిన వైనం ఆయన సాక్ష్యంలో పెద్ద ఘట్టం. చేబ్రోల్లో ఎరువుల కొట్టు నడిపే రోజుల్లో, అర్ధరాత్రి కొట్టు ముందు మంచమేసుకుని పడుకుంటే ఎవరో మూడుసార్లు పేరు పెట్టి పిలిచారట. అచ్చం సమూయేలును పిలిచినట్టే. మా అత్తయ్య, అంటే ఆయన తల్లి, ఈ సాక్ష్యం విన్నప్పుడల్లా పక్కనున్నవాళ్లకి వినపడేలా గొణుగుతుంది: “ఆ ఏడాది వాణ్ణి దేవుడొక్కడేనా పిలిచింది? డీలరు పిలిచాడు, చిట్టీలాయన పిలిచాడు. అందరిలోకీ దేవుడే కాస్త నెమ్మదస్తుడని అటు పోయాడు.”

అత్తయ్య సంగతి తెలియాలంటే మామయ్య సంగతి చెప్పాలి. మామయ్య లూథరన్ మిషను బడిలో పంతులు, ఆదివారాల్లో ఉపదేశి. మా వైపు లూథరన్ మిషనంటే 1842 నాటి మాట. అమెరికా నుంచొచ్చిన హయ్యరు దొర ఆ జులై 31న గుంటూరు చేరితే కలెక్టరు స్టోక్సు చేరదీశాడు. ఆ దొర రెండుసార్లు వెళ్లిపోయి, మళ్లీ 75 దాటిన వయసులో ఓడెక్కి గోదావరి వైపు వచ్చాడు. ఆ వరసలో వచ్చిన పంతులు కాబట్టి మామయ్యకి సువార్తా, చిట్టా పుస్తకమూ రెండూ ఒకటే. అందులో సంఘం కానుకలు ఎర్రసిరాతో ఉంటాయి: ఫలానా ఆమె పిడికెడు బియ్యం పోగుచేసి తెచ్చింది, సోలెడు. ఫలానా ఆయన కోడిగుడ్లు మూడు, ఒకటి పగిలింది. పగిలిన గుడ్డుకి కూడా దేవుడి ఖాతాలో పద్దు రాసిన మనిషి కడుపున మా బావ పుట్టాడు.

బావకి లెక్క రాదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. సంఘంలో ఎవరి కోడలికి ఏ షాపులో ఎంత జీతమో, ఎవరి ఎకరాకి ఎన్ని బస్తాలు దిగాయో, దాంట్లో దశమభాగం ఎంతవుతుందో, అందులో ఎంత ఎగ్గొట్టారో నోటికి చెబుతాడు. మలాకీ మూడో అధ్యాయం పదో వచనం ఆయనకి శ్వాస లాంటిది. వచ్చిన లెక్క అంత కచ్చితం. పోయిన లెక్క మాత్రం “దేవుడికి చెప్పుకుంటా” అంటాడు. ఇందులో ఒక కిటుకుంది, దాన్ని మాత్రం నేను తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. అందుకని ప్రార్థనకొచ్చే సగం మందికి కాగితాల మీద ఒక మతం, గుండెలో ఒక మతం. బాప్తిస్మం రిజిస్టరు రాస్తే రేపు పిల్లల సర్టిఫికెట్ల దగ్గర పేచీ. నిజమే. పేర్లు రాయకపోవడానికి అది మంచి కారణమే. పైసలు రాయకపోవడానికి కూడా అదే కారణం చెబుతాడు, అక్కడే నాకు మండుతుంది.

వాక్యం చెప్పడంలో ఆయనకి సాటిలేదు. గొంతు బంగారం. నయమాను కథ ఎత్తుకుంటే యొర్దానులో ఏడు మునకలూ మనమే మునుగుతాం. ఏడో మునకకి ఆడవాళ్లు ఏడుస్తారు. అక్కడ ‘ఆమెన్’ అనేసి కీబోర్డు కుర్రాడికి సైగ చేస్తాడు. రాజులు రెండో గ్రంథం అయిదో అధ్యాయం ఆయన బైబిల్లో అక్కడితో ఆఖరు. మిగతా సగంలో ప్రవక్త వద్దన్న కానుకల కోసం నయమాను రథం వెనక పరుగెత్తి, వెండీ బట్టలూ అడిగి పుచ్చుకుని, దాంతోపాటు కుష్ఠు కూడా తెచ్చుకున్న గేహజీ ఉన్నాడు. ఇన్నేళ్లలో బావ నోట గేహజీ పేరు నేను వినలేదు. విధవరాలి రెండు కాసుల కథ మాత్రం నెలకోసారి తప్పదు.

కోతపండుగ నాడు ఆయన్ని చూడాలి. కొత్త ధాన్యం, కందగడ్డలు, కోళ్లు, గుమ్మడికాయలు బల్ల ముందు పోగుపడతాయి. ఆరాధనయ్యాక వేలం. ఇది పాత ఆచారమే. మామయ్య రోజుల్లో కోడి పది రూపాయలకి పోయేది, అందరూ నవ్వుకుంటూ ఇళ్లకి పోయేవాళ్లు. బావ చేతిలో అది గుంటూరు మిర్చి యార్డు అయింది. రెండేళ్ల కిందట ఒక కలుపు కూలీ ఆమె తన పాక మీద కాసిన సొరకాయ తెచ్చి పెట్టింది. బావ దాన్ని రెండు చేతులా పైకెత్తాడు.

“సొరకాయ అనుకుంటున్నారా మీరు? యోనా ప్రవక్త తల మీద దేవుడు ఏ చెట్టుని నీడగా మొలిపించాడు? సొరచెట్టు! ఈ కాయ ఎవరింట్లో అడుగుపెడితే ఆ ఇంటి మీద ఈ ఎండాకాలం దేవుడి నీడ! వంద!”

వెనక వరసలోంచి అత్తయ్య గొంతు: “తెల్లారేసరికి ఆ చెట్టుని పురుగు తొలిచేసింది, అది కూడా చెప్పు నాయనా.”

చెప్పలేదు. పాట అయిదొందలకెళ్లింది. ఒక ట్రాక్టరు డ్రైవరు, పెళ్లీడుకొచ్చిన కూతురున్నవాడు, ఆవేశంలో పదిహేనొందలన్నాడు. బావ మూడోసారి అనేశాడు. కాయ ఇంటికెళ్లి పులుసైంది. ఆ డ్రైవరు మూడు నెలలు ప్రార్థనకి రాలేదు. బావ ఇంటికెళ్లి ఏడొందలు వసూలు చేసి, మిగతా ఎనిమిదొందలకి వాయిదా ఇచ్చి, కూతురు పెళ్లి కోసం అరగంట మోకాళ్లూని నిజంగా కన్నీళ్లు పెట్టుకుని ప్రార్థన చేసొచ్చాడు. నిజంగా అన్న మాట ఊరికే రాయలేదు, పక్కన నేనున్నాను. మా బావ దొంగ ఏడుపు ఏడవడు. దొంగ ఏడుపు అయితే ఏనాడో దొరికిపోయేవాడు.

ఈమధ్య విత్తనం పాట ఎత్తుకున్నాడు. వెయ్యి రూపాయలు ‘విత్తితే’ నూరంతలు కోస్తారట. ఈ సాగు పద్ధతి అమెరికాది. ఓక్లహామా రాష్ట్రంలో ఓరల్ రాబర్ట్స్ అనే ఆయన ఊరూరా టీవీల్లో చెప్పి పెంచాడు. 1987లో ఆయన ఎనభై లక్షల డాలర్లు రాకపోతే దేవుడు నన్ను తీసుకుపోతాడని ప్రకటించాడు, డబ్బు వచ్చింది. 2018లో జెసీ డుప్లాంటిస్ అనే ఇంకొకాయన తన నాలుగో జెట్టు విమానానికి విశ్వాసుల సాయం కోరాడు, ఖరీదు 5.4 కోట్ల డాలర్లు. మనవాళ్లేం తక్కువ తినలేదు, ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కె.ఎ.పాల్ గారు ఏకంగా బోయింగ్ 747లో తిరిగారు. ఆ విమానం బొమ్మ మా బావ ఇంట్లో చాలాకాలం గోడ మీద ఉండేది. ఆయన మాత్రం ఇన్నోవాతో సరిపెట్టుకున్నాడు. “చూశావా బామ్మర్దీ, నా తగ్గింపు జీవితం” అంటాడు.

కానీ విత్తనమనే మాటని గుంటూరు జిల్లా రైతుల ముందు వాడేటప్పుడు కాస్త చూసుకోవాలి. నకిలీ మిర్చి విత్తనాలతో దెబ్బతిన్న ఒకాయన ప్రార్థన మధ్యలో లేచి, “అయ్యగారూ, మొలక రాకపోతే వ్యవసాయాధికారి వస్తాడు, కంపెనీ మీద కేసు పెడతాం. మరి దీనికి ఎవర్ని పట్టుకోవాలి?” అన్నాడు. బావ తడుముకోకుండా, “లోపం విత్తనంలో లేదు బ్రదర్, మీ నేలలో విశ్వాసం తక్కువ” అన్నాడు. విత్తనాల కంపెనీవాళ్లు కూడా సరిగ్గా ఆ మాటే అన్నారని ఆ రైతు గొణుక్కుంటూ కూర్చున్నాడు.

ఒకప్పుడు డాలర్లిచ్చే దొరలొచ్చేవాళ్లు. వాళ్లకి చూపించడానికి ఒక బోరుండేది. బోరు ఒకటే, దానికి తగిలించే ఫ్లెక్సీలు మారుతుండేవి. ఒకసారి టెక్సాసు పేరున్న ఫ్లెక్సీ తీయడం మరిచిపోయి ఒహాయో వాళ్లని తీసుకొస్తే, మా అక్క పరుగున వెళ్లి దానిమీద తన పట్టుచీర ఆరేసింది. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించి, ఏ డాలరైనా ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే దిగాలి, ఆఫీసు ఖర్చు యాభై శాతం నుంచి ఇరవైకి తగ్గాలి అన్నారు. బావ నలభై రోజుల ఉపవాస ప్రార్థన పెట్టాడు. చట్టం మారలేదు గానీ కానుక సంచికి ఫోన్‌పే స్కానర్ వచ్చి చేరింది. 2021లో ప్రభుత్వం పాస్టర్లకి నెలకి అయిదు వేలు గౌరవ వేతనం అంది. “ఐగుప్తు సొమ్ము మనకొద్దు” అని ఆదివారం ప్రసంగించి, సోమవారం పొద్దున్నే ఆధార్ జిరాక్సులతో సచివాలయం మెట్లెక్కాడు.

బిషప్పు పదవి ఎవరిచ్చారని అడక్కండి. పెద్ద సంఘాల్లో ఆ కుర్చీ కోసం ఎన్నికలు, కోర్టులు. మా బావ ఇంకో ఇద్దరు పాస్టర్లని కూడగట్టాడు, ముగ్గురూ ఒకరి తలమీద ఒకరు చేతులుంచుకున్నారు, మధ్యాహ్నం భోజనానికి ముగ్గురు బిషప్పులు లేచారు. ఊదారంగు చొక్కాలు తెనాల్లో కుట్టించారు. మెడ పట్టీ బిగుతై బావ ఆ రోజు పూర్ణంబూరెలు సగంలో వదిలేశాడు. తను చూసినంతలో సేవ కోసం ఆయన చేసిన పెద్ద త్యాగం అదేనని అక్కే అంది.

అక్క అలా అంటుంది గానీ, అది నిజం కాదని ఆమెకీ తెలుసు. కరోనా రెండో విడతలో చేబ్రోలు చుట్టుపక్కల శవాన్ని తాకడానికి కొడుకులు జంకిన ఇళ్లున్నాయి. ఇన్నోవా వెనక సీట్లు పీకేసి ఊపిరాడని వాళ్లని గుంటూరు పెద్దాసుపత్రికి తిప్పింది ఈ బావే. పోయినవాళ్లకి స్నానం చేయించి, గొయ్యి తీసి, పాట పాడి పంపిందీ ఈయనే. డీజిలు డబ్బులు అడగలేదు. ఇవాళ ఆ ఇళ్లవాళ్లని “ఆయనకి ఎందుకిస్తారర్రా?” అని అడిగితే నన్ను వింతగా చూస్తారు. పెద్ద సంఘం పాస్టరుకి రెండేళ్లకో మూడేళ్లకో బదిలీ. మా బావకి మూడు తరాల పేర్లు, ఎవరికి ఏ చెయ్యి వణుకుతుందో తెలుసు. ఆ తెలియడం ఉచితమూ కాదు, అబద్ధమూ కాదు.

లెక్క దగ్గర మాత్రం దారికి రాడు. పోయిన సంక్రాంతికి ఆయన ఇంటి పై అంతస్తు స్లాబు సంగతి కదిలిస్తే ఊరి చరిత్ర తీశాడు. “కోనేరు మధ్యలో బ్రహ్మదేవుడికి గుడి కట్టించాడే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, ఆయన్నెవరన్నా లెక్కడిగారా? హయ్యరు దొరకి మాత్రం అమెరికా డబ్బు రాలేదా? మనదాకా వచ్చేసరికి ఆడిటింగా?”

“నాయుడు గారు తన సొమ్ముతో కట్టాడురా,” అంది అత్తయ్య మంచం మీంచి. అదీ రైతుల శిస్తేనని నాకు అనాలనిపించింది గానీ, ఆవిడ జోరుకి అడ్డుపడే ధైర్యం లేకపోయింది. “దొర తనకొచ్చిన ప్రతి దమ్మిడీకీ సంఘానికి ఉత్తరం రాశాడని మీ నాన్న చెప్పేవాడు.”

అసలు గొడవ అది కాదు. అత్తయ్యకి మామయ్య తాలూకు ఫ్యామిలీ పింఛనొస్తుంది. అందులో దశమభాగం ప్రతినెలా తీసుకెళ్లి పాత లూథరన్ గుళ్లో వేసొస్తుంది. బిషప్పు గారి కన్నతల్లి కానుక పరాయి పెట్టెలో పడుతోందని సంఘంలో గుసగుసలు. “నువ్వన్నా చెప్పు బామ్మర్దీ, పరువు పోతోంది” అని నన్ను పక్కకి లాగాడు.

నేను చెప్పేలోపే ఆవిడ చెప్పేసింది. “అక్కడ రసీదు ఇస్తారు.”

బావ మనసు నొచ్చుకుంది. వారం తిరక్కుండా తెనాలి ప్రెస్సులో రసీదు పుస్తకాలు కొట్టించాడు. ఆర్టు పేపరు, నాలుగు రంగులు, పైన పావురం, పక్కన ఊదా చొక్కాలో తన ఫోటో. మొదటి రసీదు తల్లికే ఇవ్వాలని ఇంటిల్లిపాదినీ పిలిచి, మూడొందలు పుచ్చుకుని, సంతకం చేసి, దాన్ని ముద్దు పెట్టుకుని ఆవిడ చేతిలో పెట్టాడు. కళ్లు తడయ్యాయి కూడా.

అత్తయ్య కళ్లజోడు సర్దుకుని కాగితాన్ని కిటికీ వైపు తిప్పింది. పావురాన్నీ ఫోటోనీ వదిలేసి, మూలన ఎర్రగా ఉన్న నంబరు చదివింది. 5001.

“ముందు అయిదు వేల రసీదులు ఎవరికిచ్చావురా?”