నెత్తిమీది దీపం చెప్పుకున్న కథ

గోదావరి ఒడ్డున ఓ బొగ్గుబాయిలో కొలువు చేసిన క్యాప్ ల్యాంపుని నేను. నాకు తల ఒకచోట, పొట్ట ఇంకోచోట. తల కార్మికుడి టోపీకి, పొట్ట అతని నడుం బెల్టుకి, మధ్యలో నల్లటి వైరు. పొట్టలో సీసం పలకలు, ఆసిడ్, నాలుగు వోల్టుల సత్తువ. రెండు కిలోల పైచిలుకు బరువు. ‘నడుం ఇరుగుతాంది’ అని నన్ను తిట్టని మనిషి లేడు.

వంశం మాటకొస్తే, 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ ఇనుప జాలీ కట్టి చేసిన దీపం మాకు పెద్దాయన. నా కాలానికీ ఆయన, గ్యాస్ పరీక్షించే సర్దారు చేతిలో వేలాడుతూనే ఉండేవాడు. మీథేన్‌కు వాసన లేదు, రంగు లేదు. తగ్గించిన మంట మీద నీలిరంగు కుచ్చు లేస్తే గ్యాస్ ఉన్నట్టు. అమెరికాలో ఎడిసన్ 1914 ప్రాంతంలో గనుల కోసం బ్యాటరీ దీపం చేశాడు. ఆ కొమ్మలో పుట్టినవాణ్ణి నేను. గొప్పలు ఇంతటితో చాలు.

నా బల్బులో వెలిగే తీగలు రెండు. ఒకటి తెగితే స్విచ్ తిప్పి రెండోది వెలిగించుకోవాలి. ఈ సంగతి తెలిసినవాళ్లు కూడా మొదటిది తెగ్గానే నా నెత్తిన నాలుగు మొట్టేవాళ్లు. వైరు పట్టుకుని నన్ను గిరగిరా తిప్పినవాళ్లున్నారు. తిండి వేళ నా మీదే కూర్చున్నవాళ్లున్నారు. ల్యాంపు రూములో డిస్టిల్డ్ వాటర్ పొయ్యడానికి బద్ధకించేవారు. తీరా ఆసిడ్ కారి ప్యాంటు కాలితే తప్పు నాదే! తాళం వేసిన నా మూతను బాయి లోపల బొగ్గు దగ్గర తెరవడానికి వీల్లేదు. నిప్పురవ్వ పుడితే ప్రమాదం. ఆ బిగింపు మీదా సణుగుడే.

ఇంతకీ అసలు ముచ్చట రెండో షిఫ్టులో జరిగింది. ముందు బొగ్గు టబ్బులు లాగే హాలేజీ తాడు ఆగింది. పంపు చప్పుడు ఆగింది. కాసేపటికి మొహానికి తగిలే గాలి సన్నబడి, సన్నబడి, లేకుండా పోయింది. పైన పెద్ద ఫ్యాను ఆగిందన్న మాట. మీ ఆఫీసుల్లో కరెంటు పోతే చీకటి పడుతుంది. బాయిలో చీకటి ఎప్పుడూ ఉన్నదే. అక్కడ కరెంటు పోతే పొయ్యేది గాలి. బొగ్గు పొరలు మీథేన్ వదలడం మాత్రం ఆపవు. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య చేరితే ఒక్క రవ్వకు పేలుతుంది. అందుకే ఫ్యాను ఆగితే మనుషుల్ని బయటికి పంపెయ్యాలని నిబంధన.

“పనులాపుండ్రి! అందరు మీదికి నడువుండ్రి!” సర్దారు కేకేశాడు.

“గీ టబ్బు నింపి వస్తం సర్దార్, జర ఆగు,” అన్నాడొకాయన.

“టబ్బు నీ ఎంట వస్తదా? తట్టా చెమ్మస్ ఆడ్నే ఇడువు!”

హాలేజీ ఉన్నా లేకున్నా ఇంక్లైను వాలు ఎక్కాల్సింది కాళ్లతోనే. నన్ను పెట్టుకున్నది కొత్తగా చేరిన పిల్లగాడు. మా ముందు ఓ ముసలి కార్మికుడు, ఏళ్లతరబడి మింగిన దుమ్ముతో పది అడుగులకోసారి నిలబడి దమ్ము తీసుకునేవాడు. ఆయన దీపం సరిగా ఛార్జింగ్ కాలేదు, పచ్చబడి ఆరిపోయింది. పిల్లగాడు “కాకా, పైలం” అంటూ తల వంచి, నా వెలుగు తన దారి మీద కాకుండా కాకా పాదాల ముందు పడేలా పట్టాడు. స్లీపర్లు, తడి రాళ్లు, తాడు కింది రోలర్లు ఒక్కొక్కటీ చూపించుకుంటూ పైదాకా వచ్చాను. నా కొలువులో నేను గర్వపడే పని అదొక్కటే.

పైకొచ్చాక గొడవ. ల్యాంపు రూములో ఎవరి నంబరు దీపం వాళ్లదే. ఏ గూడు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపల ఉన్నట్టు లెక్క. ఒక గూడు ఖాళీ! ఫ్యాను ఇంకా తిరగలేదు, అయినా మళ్లీ లోపలికి మనుషుల్ని పంపడానికి సిద్ధమయ్యారు. వెతగ్గా వెతగ్గా తేలిందేమంటే, ఓ మహానుభావుడు తొందరలో తన దీపాన్ని పక్కవరసలో వేరే నంబరు గూట్లో తగిలించి, ఇంటికెళ్లి అన్నం తింటున్నాడు. కరెంటొచ్చినా వెంటనే పని మొదలవలేదు. ఫ్యాను తిరిగి, గ్యాస్ పరీక్షించి, లోపల బాగుందన్నాకే షిఫ్టు దిగింది.

తర్వాత ఎల్‌ఈడీ దీపాలొచ్చాయి. వైరు లేదు, నడుముకు బరువు లేదు, వెలుగూ ఎక్కువే. అసూయతో అబద్ధం చెప్పలేను, నాకంటే మంచివి. మమ్మల్ని మాత్రం షెడ్డు వెనక గుట్టగా పోశారు. అద్దం మీద ఇంకా బొగ్గు మసి, తుడిచినవాళ్లు లేరు. వానాకాలం అక్కడే గడిచింది. ఒకరోజు తుక్కు కొనేవాళ్లొచ్చి వైరు కోశారు. సీసం ఉందని పొట్టను తూకమేశారు. బతికినన్నాళ్లూ బరువని తిట్టించుకున్న పొట్టకే ధర పలికింది. దారి చూపిన తల ఇంకా గుట్టలోనే ఉంది, మాట్లాడుతున్నది అదే.

కొత్తగా బాయి దిగే బిడ్డలకు ఒక్క మాట. కొత్త దీపాన్ని తుడిచినా తుడవకున్నా మీ ఇష్టం. షిఫ్టు అయిపోయాక మాత్రం దాన్ని దాని నంబరు గూట్లోనే పెట్టండి.