పిట్టగోడ మీద రెండేళ్లు

నా మూత మీద ఎడమ మూలన ఒక గీత ఉంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ దుకాణం అరలో ఉన్నప్పుడే పడింది. 2018 వానాకాలంలో ఒక సాయంత్రం మా అమ్మాయి వచ్చి, ఆ గీతనే చూపించి బేరమాడి, నన్ను కొనుక్కుంది. 8 జీబీల మెమరీ, 256 జీబీల డిస్కు ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌ని. నాకు పెట్టిన డబ్బు వాళ్లమ్మ తునికాకు కూలీదని ఆ రాత్రి హాస్టల్లో ఫోన్ మాటల్లో విన్నాను. 50 ఆకులు ఒక కట్ట, 1000 కట్టలు ఒక ప్రామాణిక సంచి. ఆ లెక్కన నా వెనక కొన్ని లక్షల ఆకులున్నాయి. ఇది నేనెన్నడూ మరచిపోలేదు.

మైత్రీవనం వెనక సందులో హాస్టల్. పొద్దున ఆరున్నరకు కోర్ జావా, సాయంత్రం అడ్వాన్స్‌డ్ జావా. జిరాక్సు నోట్సు చూస్తూ తను నా మీద టైపు చేసేది, తప్పు పోయేదాకా లేచేది కాదు. జావాకు మొదట పెట్టిన పేరు ఓక్ అని తను చదివినరోజు నాకు బాగా గుర్తు. 1991లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఆ భాషను మొదలుపెట్టిన జేమ్స్ గోస్లింగ్, తన ఆఫీసు బయటి చెట్టు పేరే దానికి పెట్టాడు. ఆ పేరు అప్పటికే వేరొకరిది కావడంతో 1995లో జావా అయి బయటికొచ్చింది. తునికి, మద్ది, ఇప్ప చెట్ల మధ్య పెరిగిన పిల్ల కదా, భాషకు చెట్టు పేరు పెట్టారన్న సంగతి తనకు ఎంతో నచ్చింది. నోట్సు మొదటి పేజీలో రాసుకుంది.

ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందన్నది జావా ఇచ్చిన మాట. భాష వరకు అది నిలబడ్డ మాటే. 1999 చివర పెద్ద సంస్థల కోసం జే2ఈఈ వచ్చాక, బ్యాంకులూ బీమా కంపెనీలూ తమ పనులన్నీ దానికి అప్పజెప్పాయి. వెబ్‌లాజిక్, వెబ్‌స్పియర్, జేబాస్ లాంటి అప్లికేషన్ సర్వర్లు నిలిపి, రాసిన ప్రోగ్రామును వార్ ఫైలుగానో ఇయర్ ఫైలుగానో మూటకట్టి అందులో పెట్టేవారు. చిక్కంతా ప్రోగ్రాము చుట్టూ ఉండేది. నా మీద ఉన్న జావా వెర్షన్ ఒకటి, సర్వర్ మీద మరొకటి. ఇక్కడ ఉన్న సెట్టింగు అక్కడ ఉండదు. శనివారం రాత్రి సర్వర్‌కు ఎక్కించి, అది నడవకపోతే ఆదివారం తెల్లారేదాకా వెతుక్కోవడం. 'నా మిషన్ మీద నడిచింది కదా!' అని ప్రతి డెవలపరూ ఏదో ఒక రాత్రి అన్న మాటే.

కంటెయినర్ ఆ చిక్కు విప్పింది. మా అమ్మాయి సొంతూరు ములకలపల్లి చుట్టూ ఉన్న కోయగూడేల్లో చేనుకు పోయేవాళ్లు ఎండిన సొరకాయ బుర్రలో నీళ్లు పట్టుకుపోతారు. ఏ చేలో కూర్చున్నా తాగేది తమ ఇంటి నీళ్లే. కంటెయినర్ ఇమేజి కూడా అంతే. ప్రోగ్రాముతోపాటు దానికి కావలసిన జావా, లైబ్రరీలు, సెట్టింగులు అన్నీ అందులోనే ఉంటాయి. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ డాకర్‌ను లోకానికి చూపించాడు. మరుసటి ఏడు గూగుల్ కుబర్నెటిస్‌ను బయటపెట్టింది. ఇలాంటి కంటెయినర్లు వందలున్నా ఏది ఎక్కడ నడవాలో చూసుకోవడం, ఒకటి పడిపోతే ఇంకొకటి లేపడం దాని పని. రెడ్ హ్యాట్ 2015లో తన ఓపెన్‌షిఫ్ట్ వేదికను ఈ రెంటిమీదనే తిరిగి కట్టింది. మా అమ్మాయికి మొదటి ఉద్యోగం ఇచ్చిన చిన్న సంస్థ, ఒక దూరదేశపు బీమా కంపెనీ పాత జావా అప్లికేషన్‌ను ఈ కంటెయినర్లలోకి మార్చే పని తీసుకుంది. సొంత మిషన్ మీదే చేసుకోమన్నారు. అలా నేనూ ఉద్యోగంలో చేరాను.

2020 మార్చి 20 రాత్రి నన్ను బ్యాగులో పెట్టుకుని తను కొత్తగూడెం వైపు బస్సెక్కింది. పాల్వంచ దాటాక అడవి మొదలవుతుంది. ములకలపల్లిలో దిగేసరికి తెల్లారుతోంది. కరోనా వల్ల రెండు వారాల కోసమని వచ్చి రెండేళ్లున్నాం.

ఇంట్లో సిగ్నల్ లేదు. డాబా మీద పడమటి పిట్టగోడ దగ్గర మాత్రం ఫోన్‌లో రెండు గీతలు నిలబడేవి. ఆ గోడ మీద ఒక పాత చెక్కపీట, దాని మీద నేను, పక్కన ఫోను. తొమ్మిది దాటితే ఎండ. ఏప్రిల్, మే నెలల్లో కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం ఎండలు ఎలా ఉంటాయో రాష్ట్రమంతటికీ తెలుసు. నా అడుగున గాలి తిరగాలని తను నాలుగు సీసా మూతలు పెట్టింది. కరెంటు పోతే నా బ్యాటరీ గంటన్నర ఆగేది. ఇంకెవరూ లేవకముందు, చల్లటి వేళలోనే మేం పని చేసుకునేవాళ్లం. అదే వేళకు అమ్మ తునికాకుకు బయల్దేరేది.

అప్పటికి ఆ ప్రాజెక్టులో బిల్డు సర్వర్ కుదరలేదు. డెవలపర్లు ఇమేజిని తమ మిషన్ మీదే కట్టి, ఇమేజీలు దాచే రిజిస్ట్రీకి ఎక్కిస్తే, పరీక్షించే చోట కుబర్నెటిస్ దాన్ని దించుకునేది. తను రాసిన కోడు మొత్తం కొన్ని వందల కేబీలే. కానీ తను వాడే జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ దాన్నీ, అది వాడుకునే లైబ్రరీలన్నిటినీ కలిపి ఒకే జార్ ఫైలుగా కడుతుంది. 70 ఎంబీల మూట. ఒక్క అక్షరం మారినా అది కొత్త ఫైలే, మళ్లీ 70 ఎంబీలూ వెళ్లాల్సిందే. మా రెండు గీతల సిగ్నల్ మీద అది ముప్పావు గంట పని. సగంలో తెగితే ఆ మూట మళ్లీ మొదటినుంచీ. హైదరాబాద్‌లో ఫైబర్ మీద కూర్చున్నవాళ్లకు ఈ బరువు తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పేమీ కాదు. నాకు మాత్రం ఆ ముప్పావు గంటలో తన ముఖం కనిపించేది.

మే నెలలో ఒక సాయంత్రం అమ్మ కట్టలు కల్లంలో అప్పజెప్పి వచ్చి డాబా ఎక్కింది.

"ఏందే బిడ్డా, ఇంకా ఎక్కలేదా?"

"ఎక్కుతాందమ్మా. సగమయింది."

"పొద్దున ఎక్కించినవు గదా?"

"ఒక్క ముక్క మార్చిన. ఒక్కటి మారినా అంతా మళ్లా పోవాలె."

అమ్మ కాసేపు నా తెర వైపు చూసింది. "నిన్నటి కట్టలు కల్లంలో ఎండుతున్నయి. ఇయ్యాల్టివే గదా నేను మోసుకపోయేది. నిన్నటివి మళ్లెందుకు మోస్త?"

తను జవాబు చెప్పలేదు. ఆ రాత్రి చదవడం మొదలుపెట్టింది. ఇమేజి అంటే ఒకే ముద్ద కాదు, పొర మీద పొర. ప్రతి పొరకూ అందులోని సరుకును బట్టి లెక్కగట్టిన ఒక గుర్తు ఉంటుంది. అదే గుర్తున్న పొర రిజిస్ట్రీలో అప్పటికే ఉంటే మళ్లీ పంపనక్కరలేదు. అయితే కింది పొర మారితే పైవన్నీ తిరిగి కట్టాలి కాబట్టి, అరుదుగా మారేది అడుగున, రోజూ మారేది పైన ఉండాలి. గూగుల్ వాళ్ల జిబ్ 2018 నుంచీ జావా ఇమేజీలను ఇలా విడదీసే కడుతోంది. సరిగ్గా ఆ మే నెల 15న వచ్చిన స్ప్రింగ్ బూట్ 2.3లో జార్‌ను పొరలుగా విడదీసే వీలు పెట్టారు. అడుగున జావా, దానిమీద లైబ్రరీలు, ఆపైన లోడర్, అన్నిటికన్నా పైన తన కోడు.

ఇమేజిని ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైలును తను నాలుగు రోజులు తిప్పి తిప్పి రాసింది. ఐదోరోజు తెల్లవారుజామున ఎక్కించింది. నా తెర మీద వరసగా 'లేయర్ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్' అని పడుతూ వచ్చింది. చివరి పొర ఒక్కటే కదిలింది. తను గడియారం చూసుకుంది. పన్నెండు సెకన్లు. మెట్లు దిగి పరుగెత్తింది. కింద వాకిట్లో అమ్మ గొంతూ తన గొంతూ కలిసి వినిపించాయి. ఏమన్నారో పైకి అందలేదు.

వానలు పడ్డాక మెట్ల కింది గదిలోకి మారాం, ఎక్కించేటప్పుడు మాత్రం డాబా మీదికే. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. క్లెయిములు చూసే కంటెయినర్ ఒకటి కొన్ని గంటలకోసారి చచ్చిపోయి మళ్లీ లేస్తోంది. ఏ ఎర్రరూ రాయకుండానే పోతోంది. మిగిలేది 137 అన్న సంఖ్య ఒక్కటే. 128కి 9 కలిపితే వచ్చేది అది. తొమ్మిదంటే మారుమాట లేకుండా చంపేసే సంకేతం, లినక్స్ కెర్నెల్ ఇచ్చేది. చచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒకరి ఆసుపత్రి బిల్లు క్లెయిము సగంలో ఆగేది. తనకు అదే బాధ.

కంటెయినర్ విడి మిషన్ కాదు. అన్నీ ఒకే కెర్నెల్ మీద బతుకుతాయి, ఒక్కొక్కదానికి ఇంత మెమరీ అని హద్దు గీస్తారు. ఆ హద్దు గీసే సీగ్రూప్స్ పనిని 2006లో గూగుల్‌లో పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ మొదలుపెట్టారు. 2008 జనవరికి లినక్స్ 2.6.24లో చేరింది. పాత జావాకు మాత్రం ఈ హద్దు కనిపించేది కాదు. తనకిచ్చిన గదిని కాక ఇల్లంతా చూసి, అందులో నాలుగో వంతు నాదే అనుకునేది. మా అమ్మాయి ఆ ఇమేజిని నా మీదే 512 ఎంబీల హద్దులో నడిపించింది. ఎంత దాకా వాడుకోగలవని లోపలి జావాను అడిగితే, నా 8 జీబీలు చూసి, దాదాపు రెండు జీబీలంది. నా లోపల అది పెరుగుతూ పెరుగుతూ హద్దు తాకి ప్రాణం వదలడం నేను పది పన్నెండుసార్లు చూశాను.

ఈ లోపాన్ని జావావాళ్లు 2018 మార్చిలో పదో వెర్షన్‌లో సరిచేశారు. అదే అక్టోబరులో జావా 8కి 191వ అప్‌డేట్‌లో తెచ్చారు. మా ఇమేజి అడుగు పొరలో ఉన్నది అంతకన్నా పాతది. రెండేళ్లుగా ఎవరూ ఆ పొర తెరిచి చూడలేదు. అడుగు పొర మార్చాక జావా తన గది తాను తెలుసుకుంది. కాకపోతే 512లో నాలుగో వంతు 128 ఎంబీలే తీసుకుని ఇరుగ్గా ఊపిరాడక ఉంది. మా అమ్మాయి హీపుకు 75 శాతం ఇచ్చి, మిగతాది థ్రెడ్లకూ క్లాసుల వివరాలకూ వదిలింది. ఆ తర్వాత 137 కనిపించలేదు.

2021 డిసెంబరు పదో తేదీ శుక్రవారం. జావా లోకమంతా వాడే లాగ్4జె లైబ్రరీలో తలుపు బార్లా తెరిచి ఉందని తెలిసింది. లాగ్‌లో ఒక రకం మాట పడేలా చేస్తే చాలు, ప్రోగ్రాము బయటి సర్వర్ నుంచి కోడు తెచ్చుకుని నడిపేస్తుంది. తీవ్రతకు పదికి పది వేశారు. అప్పటికి మిగతా సేవలన్నిటినీ ఓపెన్‌షిఫ్ట్ మీదే కోడు ఇచ్చి కట్టించేవాళ్లు, ఒక్క పాత సేవను మాత్రం ఇంకా నా మీదే కట్టాలి. దానిలో ఆ లైబ్రరీ ఉంది. రోజూ మారదని అడుగున వేసుకున్న పొర అది. ఆ రాత్రి మారాల్సింది అదే, 60 ఎంబీలకు పైగా బరువు. రెండు గీతల సిగ్నల్‌ను నమ్మే రాత్రి కాదు.

తమ్ముడు బండి తీశాడు. నన్ను బ్యాగులో గుండెలకు అదుముకుని తను వెనక కూర్చుంది. అడవి దారిలో చలి నా ఇనుము దాకా వచ్చింది. పాల్వంచలో తెలిసినవాళ్ల ఇంటి వరండాలో నన్ను తెరిచి, కొత్త లాగ్4జె 2.15తో కట్టి ఎక్కించింది. పదమూడున 2.15 చాలదని 2.16 వచ్చింది, మళ్లీ బండి. ఆ వారం చివర 2.17, మళ్లీ బండి. మూడోసారి తిరిగొచ్చేటప్పుడు తమ్ముడు అడిగాడు, "అక్కా, అసలు దాంట్లో ఏముంటది?" అని. ములకలపల్లి వచ్చేదాకా తను చెబుతూనే ఉంది. ఇంటికొచ్చాక వాడు పడుకోలేదు, నన్ను తెరిచి ఆ డాకర్‌ఫైలు చదివాడు.

2022లో తను హైదరాబాద్ వెళ్లింది, కొత్త మిషన్ ఇచ్చారు. నేను తమ్ముడి దగ్గర ఉండిపోయాను. బ్యాటరీ ఉబ్బితే వాడు తీయించేశాడు. వైరు ఉంటేనే బతుకు.

మొన్న నా డిస్కు నిండిపోయి వాడి బిల్డు ఆగిపోయింది. అక్కకు ఫోన్ చేశాడు.

"పాత ఇమేజీలున్నయేమో చూడురా."

"2020వి కూడా ఉన్నయక్కా. ఉంచనా?"

అటువైపు కాసేపు మాట లేదు. "తీసెయ్. కావాల్సినవన్నీ రిజిస్ట్రీలో ఉన్నయి."

ఒక్క కమాండు. ఆ పన్నెండు సెకన్ల తెల్లవారుజాము పొరలూ, 137లో పోయినవీ, పాల్వంచ వరండాలో కట్టిన మూడూ వెళ్లిపోయాయి. 14 జీబీలు ఖాళీ అయ్యాయి. వాడు నన్నూ ఎక్స్‌టెన్షన్ వైరునూ పట్టుకుని డాబా ఎక్కాడు. పిట్టగోడ మీద ఆ చెక్కపీట ఇంకా ఉంది. సీసా మూతలు వెతికి నాలుగు మూలలా పెట్టి, తన మొదటి ఇమేజికి అడుగు పొర దించడం మొదలుపెట్టాడు. కింద అమ్మ ఆకుకు బయల్దేరుతోంది. ఎండ ఇంకా డాబా దాకా రాలేదు.