పొడుగువాడికో కుర్చీ

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో మైదానం మీద జట్టుకు 18 మంది ఆడతారు. వారిలో ఇద్దరు ముగ్గురు ఒకే పనికి పుట్టినవాళ్లు. అంపైర్ పైకి వదిలిన బంతిని ఎగిరి తనవాళ్ల వైపు తట్టేవాడు రక్‌మన్. ఫ్రీమాంటిల్ మాజీ రక్‌మన్ ఆరన్ శాండిలాండ్స్ ఎత్తు 211 సెంటీమీటర్లు. గోల్ స్తంభాల ముందు కాపు కాసేవాడు ఫుల్ ఫార్వర్డ్. టోనీ లాకెట్ అక్కడే కాపు కాసి 1360 గోల్స్ కొట్టాడు. మైదానమంతా పరుగులు తీయడం ఈ జాతికి నప్పదు.

విక్టోరియా లీగ్‌లో 1930లో బెంచీ మీదికి పంతొమ్మిదో మనిషి, 1946లో ఇరవయ్యో మనిషి వచ్చారు. అప్పట్లో బయటికి వెళ్లినవాడు మళ్లీ లోపలికి రాకూడదు. 1978లో ఇంటర్‌చేంజ్ వచ్చి ఆ తలుపు రెండువైపులా తెరుచుకుంది. 1998 నాటికి బెంచీ మీద నలుగురు. బెంచీ అంటే శిక్ష కాదని, ఆక్సిజన్ సిలిండరని కోచ్‌లు గ్రహించారు. 2010లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు సగటున వందకు పైగా మార్పులు చేసింది. ఊపిరి తీసుకొచ్చినవాళ్లంతా బంతి చుట్టూ తిరునాళ్లలా మూగారు. ఫుల్ ఫార్వర్డ్‌కు నిలబడే చోటు కరువైంది. సీజన్‌లో వంద గోల్స్ చివరిసారి కొట్టింది 2008లో లాన్స్ ఫ్రాంక్లిన్.

దీనికి లీగ్ కనిపెట్టిన మందు ఆయాసం. ఆటగాళ్లు అలిసిపోతే గుంపు పలచబడుతుంది, జాగా దొరికితే పాతకాలపు గోల్ వీరులు తిరిగొస్తారు అన్నది తర్కం. 2011లో బెంచీలో ఒకడిని సబ్‌స్టిట్యూట్‌గా మార్చి ఆకుపచ్చ వెస్టు, వాడికి చోటిచ్చి వెళ్లినవాడికి ఎర్ర వెస్టు తొడిగారు. మార్పులకు 2014లో 120, 2016లో 90, 2021లో 75 అని పరిమితి పెట్టారు. రేషన్ కార్డు మీద చక్కెర కూడా ఇంత పద్ధతిగా తగ్గలేదు.

కోచ్‌లు మాత్రం లెక్క తిరగేశారు. విశ్రాంతి తగ్గితే రోజంతా పరుగెత్తగలిగేవాడే కావాలి. కాబట్టి జట్టులోంచి మొదట జారిపోయింది రెండో రక్‌మన్. పొడుగువాళ్ల కోసం తవ్విన బావిలో పొడుగువాడే పడ్డాడు. పచ్చ వెస్టు సాధారణంగా చురుకైన పొట్టివాడికే దక్కేది. 2015 తర్వాత దాన్ని మడతపెట్టేశారు.

2021 సీజన్ రేపనగా వైద్య సబ్‌స్టిట్యూట్ పుట్టాడు. గాయపడ్డవాడు కనీసం 12 రోజులు ఆడలేడని డాక్టర్ నమ్మితేనే అతనికి ప్రవేశం. 2023లో ఆ నమ్మకంతో పని లేకుండా, ఏ కారణానికైనా దింపవచ్చన్నారు. సరిగ్గా అదే ఏడాది ఐపీఎల్ క్రికెట్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ వచ్చి, ఒకే పనివాళ్ల విషయంలో దీనికి విరుద్ధమైన పని చేశాడు. అక్కడ కేవలం బ్యాట్ పట్టేవాడు, కేవలం బంతి విసిరేవాడు బతికిపోయారు. ఆల్‌రౌండర్లకే దిగులు పట్టుకుంది.

ఆస్ట్రేలియాలో 2026కు సబ్‌స్టిట్యూట్‌ను రద్దు చేసి ఇంటర్‌చేంజ్‌లో ఐదుగురిని కూర్చోబెట్టారు. పరిమితి 75గానే ఉంది. పంచితే తలా 15. రెండో రక్‌మన్‌కు ఇప్పుడో కుర్చీ ఇవ్వవచ్చు, అతను నాలుగైదు సార్లు దిగి ఎక్కితే చాలు. మిగిలిన మార్పులు పరుగు కుర్రాళ్లకు పోతాయి. ఆ కుర్చీలో కూడా కుర్రాడినే కూర్చోబెట్టే కోచ్‌ను ఆపే నిబంధన ఏదీ ఇంకా రాయలేదు.